వీడియో గేముల పరిశ్రమ: పెద్ద కంపెనీల పెత్తనం, మన పిల్లల చదువు



ఈసారి మన ట్రస్టుకు వచ్చిన స్కాలర్‌షిప్పు దరఖాస్తులను పరిశీలిస్తుండగా ఒక దరఖాస్తు దగ్గర కమిటీలో పెద్ద చర్చ జరిగింది. తిరుత్తణి ప్రాంతానికి చెందిన ఒక అబ్బాయి ప్లస్ టూ మంచి మార్కులతో పాసయ్యాడు. తండ్రిది మరమగ్గాల మీద పని. "ఏ కోర్సులో చేరదలచినారు?" అనే గడిలో అతను "గేమ్ డిజైన్" అని వ్రాశాడు. ఒక ప్రైవేటు శిక్షణ సంస్థలో ఫీజు ఆరు లక్షల రూపాయలు. ఇంటి స్థలం పత్రాలు తాకట్టు పెట్టడానికి తండ్రి సిద్ధంగా ఉన్నాడు.

కమిటీలో ఒక పెద్దాయన "ఆటలాడుకునే పిల్లవాడికి స్కాలర్‌షిప్పా?" అన్నారు. మరొకరు "అలా కాదండీ, అందులో లక్షల్లో జీతాలట" అన్నారు. ఇద్దరికీ ఆ పరిశ్రమ గురించి సరిగా తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. జీవితంలో ఒక్క వీడియో గేము ఆడలేదు. అయితే డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఎవరి చేతికి పోతోంది, చివరికి పనిచేసినవాడికి ఎంత మిగులుతోంది అని లెక్క చూడడం నా వృత్తి. ఆ లెక్క చూసి వ్రాయమని కమిటీ నన్ను కోరింది. కొన్ని నెలలుగా చదివి, తెలిసినవారిని అడిగి గ్రహించినది ఇక్కడ పెడుతున్నాను.

ఎవరు ఎవరు?

ముందుగా ఈ వ్యాపారంలో ఎవరి పని ఏమిటో తెలుసుకోవాలి. సినిమాతో పోల్చి చెబితే మనవాళ్లకు సులభంగా అర్థమవుతుంది. గేమును తయారుచేసేవారిని డెవలపర్లు అంటారు. వీరు సినిమాలో దర్శకుడు, సాంకేతిక నిపుణుల వంటివారు. పెట్టుబడి పెట్టి, ప్రచారం చేసి, అమ్మేవాడు పబ్లిషరు. అతను నిర్మాత, పంపిణీదారు కలిసిన మనిషి. ఆట ఆడే యంత్రమో, ఫోనులోని యాప్ స్టోరో ఉంటుంది కదా, అది థియేటరు. దీన్ని ప్లాట్‌ఫారం అంటారు. గేమును తయారుచేయడానికి వాడే సాఫ్టువేరును ఇంజను అంటారు. అది కెమెరా, ఎడిటింగు సామగ్రి వంటిది.

సినిమాలో ఈ నలుగురూ సాధారణంగా వేరువేరు మనుషులు. గేముల పరిశ్రమలో పెద్ద కంపెనీలు రెండు మూడు పాత్రలు తామే పోషిస్తాయి. మైక్రోసాఫ్ట్ యంత్రాన్ని అమ్ముతుంది, పబ్లిషరుగా ఉంటుంది, డెవలపర్లనూ కొంటుంది. ఎపిక్ గేమ్స్ అనే కంపెనీ ఫోర్ట్‌నైట్ అనే గేమును తయారుచేస్తుంది, అన్‌రియల్ అనే ఇంజనును ఇతరులకు ఇస్తుంది, సొంత అంగడి కూడా నడుపుతుంది. దర్శకుడే థియేటరు యజమాని అయి, ఊళ్లో ఉన్న కెమెరాలన్నీ అతనివే అయితే చిన్న నిర్మాత గతి ఏమిటో ఊహించుకోండి. పెద్ద కంపెనీల ప్రభావం అంటే అసలు విషయం ఇదే.

పేరు కోసం, వాటా కోసం

ఈ కథ మొదలైనది అమెరికాలోని అటారి అనే కంపెనీతో. 1972లో పాంగ్ అనే ఆటతో ఆ కంపెనీ పేరు మోగిపోయింది. తరువాత ఇంట్లో టి.వి.కి తగిలించి ఆడే యంత్రాలను అమ్మింది. వాటికి ఆటలు వ్రాసిన ప్రోగ్రామర్లకు జీతం తప్ప అమ్మకాల్లో వాటా లేదు. పెట్టె మీద వారి పేరు కూడా ఉండేది కాదు. తాము వ్రాసిన ఆటలే కంపెనీకి కోట్లు తెచ్చిపెడుతున్నాయని గ్రహించిన నలుగురు ప్రోగ్రామర్లు బయటకు వచ్చి, 1979లో యాక్టివిజన్ అనే సంస్థను మరికొందరితో కలిసి స్థాపించారు. యంత్రం ఒకరిది, ఆట మరొకరిది అనే పద్ధతి అక్కడి నుంచే వచ్చింది. అటారి దావా వేసింది. 1982లో రాజీ కుదిరి, యంత్రం యజమానికి రాయల్టీ కట్టి ఎవరైనా ఆట తయారుచేసి అమ్ముకోవచ్చు అనే ఏర్పాటు స్థిరపడింది.

తలుపు తెరుచుకోగానే అందరూ లోపలికి దూరారు. నాసిరకం ఆటలు గుట్టలుగా వచ్చిపడ్డాయి. 1983లో అమెరికాలో ఆ వ్యాపారం కుప్పకూలింది. అమ్ముడుపోని క్యాసెట్లను అటారి న్యూ మెక్సికో రాష్ట్రంలో గొయ్యి తవ్వి పూడ్చిపెట్టింది. 2014లో వాటిని తవ్వి తీశారు కూడా.

ఆ శిథిలాల మీదికి జపాను నుంచి నింటెండో వచ్చింది. 1985లో అమెరికాలో తన యంత్రాన్ని దించినప్పుడు గట్టి షరతులు పెట్టింది. యంత్రంలో ఒక తాళం చిప్పు పెట్టి, తమ అనుమతి లేని ఆట అందులో నడవకుండా చేసింది. బయటి కంపెనీ ఒక్కొక్కటి ఏడాదికి ఐదు ఆటల కంటే ఎక్కువ ఇవ్వరాదు. క్యాసెట్లను నింటెండోయే తయారుచేస్తుంది, దానికి డబ్బు ముందే కట్టాలి. ఆ ఆటను రెండేళ్లపాటు మరో యంత్రానికి ఇవ్వకూడదు. ఈ కట్టుబాట్ల వల్ల నాణ్యత నిలబడింది, చచ్చిన పరిశ్రమ బ్రతికింది. కాని తయారుచేసేవాడి చేతులు కట్టుబడ్డాయి. పెద్ద కంపెనీ చేసే మేలూ కీడూ ఒకే చేతి నుంచి వస్తాయనడానికి ఇది మంచి ఉదాహరణ. 1994లో సోనీ తన ప్లేస్టేషన్‌తో, తక్కువ ఖర్చులో తయారయ్యే సి.డి.లతో వచ్చిన తరువాతనే చాలామంది డెవలపర్లకు నింటెండో పట్టు నుంచి కొంత ఊపిరి ఆడింది.

మనవాడు చేసిన బేరం

ఈ పరిశ్రమలో అతి పెద్ద బేరం చేసిన కంపెనీకి అధిపతి మన తెలుగువాడే కావడం విశేషం. హైదరాబాదులో పుట్టి, మణిపాల్‌లో ఇంజనీరింగు చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ముఖ్య కార్యనిర్వాహణాధికారి అయ్యారు. అదే సంవత్సరం ఆ కంపెనీ స్వీడన్‌కు చెందిన మోజాంగ్ సంస్థను 250 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ సంస్థ తయారుచేసిన మైన్‌క్రాఫ్ట్ అనే ఆటను 2009లో మార్కస్ పెర్సన్ అనే ఒక ప్రోగ్రామరు ఒక్కడే మొదలుపెట్టాడు. 2023 నాటికి అది 30 కోట్ల ప్రతులు దాటి అమ్ముడుపోయింది. ఒంటరి మనిషి కూడా ఈ రంగంలో ఏదైనా సాధించగలడనడానికి ఇది సాక్ష్యం. సాధించినది చివరికి పెద్ద కంపెనీ ఖాతాలోనే జమ అవుతుందనడానికీ ఇదే సాక్ష్యం.

2021లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు జెనిమాక్స్ అనే మరో గేముల సంస్థను తీసుకున్నది. 2022 జనవరిలో యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. నలుగురు ఉద్యోగులు పేరు కోసం, వాటా కోసం బయటికి వచ్చి పెట్టిన ఆ యాక్టివిజనే ఇది. అప్పటి మారకపు ధర ప్రకారం మన రూపాయల్లో ఐదు లక్షల కోట్లకు పైనే. గేముల పరిశ్రమలో అంతకు ముందు అంత పెద్ద కొనుగోలు జరగలేదు.

ప్రభుత్వాలు ఊరికే చూస్తూ కూర్చోలేదు. అమెరికా వాణిజ్య కమిషను కోర్టుకు వెళ్లింది. బ్రిటను పోటీ నియంత్రణ సంస్థ 2023 ఏప్రిల్‌లో ఈ బేరాన్ని ఆపింది. కాల్ ఆఫ్ డ్యూటీ వంటి ప్రజాదరణ గల ఆటను తన యంత్రానికే పరిమితం చేసుకుంటే ఇతరులు ఏమైపోతారన్నది ఒక ప్రధానమైన భయం. చివరకు సోనీ యంత్రానికి పదేళ్లపాటు ఆ ఆట ఇస్తామని ఒప్పుకుని, ఇంటర్నెట్ ద్వారా ప్రసారం చేసే హక్కులను యూబీసాఫ్ట్ అనే ఫ్రెంచి కంపెనీకి వదిలిపెట్టిన తరువాత 2023 అక్టోబరు 13న బేరం పూర్తయింది.

తరువాత ఏమి జరిగింది? 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ గేముల విభాగంలో 1,900 మందిని తొలగించారు. ఆ సంవత్సరం మే నెలలో టాంగో గేమ్‌వర్క్స్ అనే జపాను స్టూడియోను మూసివేస్తున్నట్టు ప్రకటించారు. ఆ స్టూడియో అంతకు ముందు సంవత్సరం విడుదల చేసిన హై-ఫై రష్ అనే ఆట బాగా మెప్పు పొందినదే. పని బాగా చేసినా ఉద్యోగం నిలుస్తుందన్న హామీ లేదని దీనివల్ల తెలుస్తున్నది. ఆ స్టూడియోను తరువాత కొరియాకు చెందిన క్రాఫ్టన్ తీసుకోవడంతో దానికి మళ్లీ ప్రాణం వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఒక్కటే అని కాదు. 2024 ఫిబ్రవరిలో సోనీ కూడా తన ప్లేస్టేషన్ విభాగంలో 900 మందిని తగ్గించుకున్నది.

మనవాడు అధిపతి అని మనం గర్వపడవచ్చు. కాని ఆ గర్వం మన పిల్లవాడికి ఉద్యోగ భద్రత ఇవ్వదు. ఆ రెంటినీ కలపకూడదు.

మగ్గం మనది, డిజైను వాళ్లది

ఇక మన దేశం సంగతి. దీనిని అర్థం చేసుకోవడానికి మన పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పం నేత పని చాలు. మగ్గం నేతగాడిదే అయినా నూలు మాస్టర్ వీవరు ఇస్తాడు, డిజైను అతనే ఇస్తాడు, నేసిన బట్ట అతనే తీసుకుపోతాడు. నేతగాడికి దక్కేది కూలి. బట్ట చెన్నై అంగడిలో ఎంత ధర పలికినా ఆ కూలి మారదు. మన దేశంలో గేముల పనిలో చాలా భాగం ఇన్నేళ్లుగా ఇటువంటి కూలి నేతే.

బెంగళూరులో 1997లో రాజేశ్ రావు ధ్రువ ఇంటరాక్టివ్ అనే సంస్థను ప్రారంభించారు. మన దేశంలో ఈ రంగంలో అడుగుపెట్టిన తొలి సంస్థల్లో అది ఒకటి. సొంత ఆటలు చేయాలన్న కోరికతో మొదలుపెట్టినా, పెట్టుబడి, మార్కెటు లేక విదేశీ కంపెనీల ఆటలకు బొమ్మలు, కార్లు, భవనాల నమూనాలు తయారుచేసి ఇచ్చే పనిలో స్థిరపడింది. మైక్రోసాఫ్ట్ వారి ఫోర్జా అనే కార్ల పందెం ఆటకు కూడా వీరు పనిచేశారు. ఆ పని నాణ్యంగా చేసి వందలాది యువకులకు తిండి పెట్టారు.

ధ్రువను 2017లో స్వీడన్‌కు చెందిన స్టార్‌బ్రీజ్ కొన్నది. మరుసటి సంవత్సరమే ఆ స్టార్‌బ్రీజ్ అప్పుల్లో కూరుకుపోయి కోర్టు రక్షణ కోరింది. బెంగళూరు స్టూడియో బాగానే నడుస్తున్నా, యజమాని కష్టాల వల్ల అమ్మకానికి వచ్చింది. 2019లో జి.టి.ఏ. ఆటలను తయారుచేసే రాక్‌స్టార్ గేమ్స్ 79 లక్షల డాలర్లకు దానిని కొని, బెంగళూరులోని తన శాఖలో కలుపుకున్నది. అక్కడి ఉద్యోగాలు నిలిచాయి, కాని రెండేళ్లలో మూడు దేశాల యజమానుల చేతులు మారాయి. స్వీడన్‌లో లెక్క తప్పితే బెంగళూరులో జీతం ఊగిసలాడుతుంది. పెద్ద కంపెనీ నీడలో బ్రతకడమంటే అదే.

ఇంకొక ఉదాహరణ చూడండి. యూబీసాఫ్ట్ 2008లో పుణెలోనూ, 2018లో ముంబైలోనూ స్టూడియోలు పెట్టింది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే పేరుపొందిన పాత ఆటను కొత్తగా చేసే బాధ్యతను ఈ రెండు స్టూడియోలకే అప్పగించినట్టు 2020లో ప్రకటించింది. ఇన్నాళ్లకు మనకూ డిజైను చేతికి వచ్చిందని దేశంలోని ఈ రంగం వారంతా సంతోషించారు. విడుదల చేసిన చిత్రాలు చూసి అభిమానులు పెదవి విరిచారు. విడుదల వాయిదాల మీద వాయిదాలు పడి, 2022లో పనిని కెనడాలోని మాంట్రియల్ స్టూడియోకు మార్చారు. 2026 జనవరిలో ఆ కంపెనీ ఆర్థిక ఇబ్బందులతో ఆ ఆటనే పూర్తిగా రద్దు చేసింది. తప్పు మనవాళ్ల చేతి పనిదా, ఇచ్చిన గడువుదా, పై నిర్వాహకులదా అని నేను తీర్పు చెప్పలేను. ఒక్కటి మాత్రం స్పష్టం: నిర్ణయం తీసుకున్న బల్ల మన దేశంలో లేదు.

హైదరాబాదులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే అమెరికా కంపెనీకి పెద్ద కేంద్రం ఉంది. తెలుగు యువకులు ఎందరో అందులో పనిచేస్తున్నారు. ఆ కంపెనీని 5,500 కోట్ల డాలర్లకు సౌదీ ప్రభుత్వ నిధి, మరికొన్ని పెట్టుబడి సంస్థలు కలిసి కొనేందుకు 2025 సెప్టెంబరులో ఒప్పందం ప్రకటించాయి. అందులో దాదాపు 2,000 కోట్ల డాలర్లు అప్పుగా తెచ్చే సొమ్ము. బ్యాంకులో పనిచేసినవాడిగా నాకు తెలిసిన నియమం ఒకటే: అప్పు తెచ్చినవాడు ఎక్కడో ఒకచోట ఖర్చు తగ్గించుకోవాలి.

సొంత నేత నేసినవారు లేకపోలేదు. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ అనే చిన్న సంస్థ మన పురాణాల నేపథ్యంలో రాజి అనే ఆటను తయారుచేసి 2020లో విడుదల చేసింది. అంతకు ముందు ప్రజల నుంచి చందాల ద్వారా డబ్బు సేకరించబోయి విఫలమైంది. తరువాత ఎపిక్ గేమ్స్ ఇచ్చిన గ్రాంటు వారికి ఊతమైంది. ఉడుపిలోని 99గేమ్స్ అనే సంస్థ చేసిన స్టార్ షెఫ్ అనే వంటల ఆట విదేశాల్లో కూడా ఆడారు. ఉడుపి కూడా మహానగరం కాదు, మన తిరువళ్లూరు వంటి జిల్లా కేంద్రమే.

అంగడి అద్దె, మగ్గం అద్దె

చిన్న డెవలపరు ఆట తయారుచేశాడనుకోండి. దానిని ఫోన్లలో అమ్మాలంటే ఆపిల్, గూగుల్ వారి అంగళ్లే దారి. ఆపిల్ 2008లో అంగడి తెరిచినప్పటి నుంచి వసూలైన ప్రతి 100 రూపాయల్లో 30 రూపాయలు కమిషనుగా తీసుకున్నది. 2020లో ఎపిక్ గేమ్స్ దీనిపై కోర్టుకెక్కింది. ఆ ఒత్తిడి ఫలితంగానే కావచ్చు, 2021 నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు రాబడి ఉన్న చిన్నవారికి ఆపిల్ కమిషను 15 శాతానికి తగ్గించింది. గూగుల్ కూడా మొదటి పది లక్షల డాలర్లకు అదే చేసింది. పెద్దవాడితో పెద్దవాడు పోట్లాడినప్పుడు చిన్నవాడికి ఒక్కొక్కప్పుడు మేలు జరుగుతుంది.

ఇక ఇంజను సంగతి. యూనిటీ అనే ఇంజను మీద మన దేశంలో చాలామంది పిల్లలు పని నేర్చుకుంటారు. 2023 సెప్టెంబరులో ఆ కంపెనీ ఒక కొత్త నియమం ప్రకటించింది. ఒక హద్దు దాటిన ఆటలకు, ఎవరైనా దానిని కొత్తగా ఫోనులో దించుకున్న ప్రతిసారీ తయారుచేసినవారు రుసుము కట్టాలి. ఆట అమ్మినందుకు కాదు, దించుకున్నందుకు! మగ్గం అమ్మినవాడు వచ్చి, నీవు నేసిన చీర ఎవరైనా కట్టుకున్న ప్రతిసారీ నాకు డబ్బు కట్టు అన్నట్టు. ప్రపంచమంతటా డెవలపర్లు మండిపడ్డారు. తరువాతి నెలలో ఆ కంపెనీ అధిపతి పదవి వదిలారు. 2024 సెప్టెంబరులో ఆ రుసుమును పూర్తిగా రద్దు చేశారు.

అందువల్ల ఒకే కంపెనీ సాధనం మీద ఆధారపడి చదువుకోవద్దు. గోడో అనే ఇంజను, బ్లెండర్ అనే బొమ్మల సాఫ్టువేరు పూర్తిగా ఉచితం, ఎవరి సొత్తూ కావు. ప్రోగ్రామింగు, గణితం, బొమ్మ గీయడం అనే మూలాలు గట్టిగా ఉంటే ఇంజను మారినా మనిషికి నష్టం లేదు.

తల్లిదండ్రుల జేబుకు సంబంధించినది

నేను కౌంటరులో పనిచేసిన చివరి సంవత్సరాల్లో ఒకాయన పాసుపుస్తకం పట్టుకుని వచ్చారు. ఖాతాలో చిన్న చిన్న మొత్తాలుగా పదకొండు వేల రూపాయలు పోయాయి. దొంగతనం అని ఫిర్యాదు వ్రాయించుకోబోతుంటే, పక్కన నిలబడిన ఆయన కొడుకు ఏడవడం మొదలుపెట్టాడు. ఆటలో తుపాకీకి రంగులు కొన్నాడట. ఆ తండ్రి ముఖం నేను మరచిపోలేదు. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. "నాకు చెప్పి ఉంటే బాగుండేది రా" అని మాత్రం అన్నారు.

ఆటను ఉచితంగా ఇచ్చి, లోపల కొద్దికొద్దిగా వసూలు చేసే పద్ధతిని పెద్ద కంపెనీలే పరిశ్రమ అంతటా వ్యాపింపజేశాయి. కొన్ని ఆటల్లో డబ్బు కట్టి ఒక పెట్టె కొనాలి, లోపల ఏముందో తెరిచేదాకా తెలియదు. ఇది లాటరీ చీటీ కాక మరేమిటి? మన తమిళనాడులో లాటరీలను 2003లోనే నిషేధించారు. ఇటువంటి పెట్టెలు జూదమేనని బెల్జియం 2018లో తేల్చింది. పిల్లలు పెద్దల అనుమతి లేకుండా కొనేలా చేసినందుకు, పొరపాటున కొనేలా బటన్లు అమర్చినందుకు ఎపిక్ గేమ్స్ ఆటగాళ్లకు 24.5 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వాలని 2022లో అమెరికా వాణిజ్య కమిషను నిర్ణయించింది.

డబ్బు పందెం కట్టే రమ్మీ వంటి ఆన్‌లైన్ ఆటలు వేరు. వాటిని గేముల పరిశ్రమతో కలపకండి. వాటివల్ల మన రాష్ట్రంలో కుటుంబాలు పాడైనందువల్లనే తమిళనాడు ప్రభుత్వం చట్టం తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం క్రీడగా గుర్తించింది.

తల్లిదండ్రులకు నా మనవి: పిల్లల చేతిలోని ఫోనుకు మీ కార్డు, యు.పి.ఐ. జోడించి ఉంచవద్దు. పిన్ నంబరు పిల్లలకు చెప్పవద్దు. నెలకొకసారి వారితో కలిసి కూర్చుని ఖాతా చూడండి.

ఏమి చదవాలి? ఎంత అప్పు చేయవచ్చు?

ఈ రంగంలో ప్రోగ్రామర్లు, బొమ్మలు గీసేవారు, కదలికలు ఇచ్చేవారు, శబ్దం కూర్చేవారు, తప్పులు వెదికే పరీక్షకులు, కథ వ్రాసేవారు అందరూ కావాలి. "గేము డిజైను" అనేది వీటన్నిటిలో ఒక చిన్న భాగం. కొత్తగా చేరినవారికి నేరుగా ఆ పని ఇచ్చేవారు అరుదు.

ప్రోగ్రామింగు మీద ఆసక్తి ఉంటే కంప్యూటరు సైన్సులో బి.ఎస్సి., బి.సి.ఎ. లేక బి.ఇ. చేయండి. గేముల పని దొరకకపోయినా ఆ డిగ్రీ మరోచోట అన్నం పెడుతుంది. బొమ్మలు వేసే చేయి ఉంటే చెన్నై తరమణిలోని ఎం.జి.ఆర్. ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో యానిమేషను కోర్సు ఉంది. డిగ్రీ తరువాత బెంగళూరు ఎన్.ఐ.డి. ప్రాంగణంలో డిజిటల్ గేమ్ డిజైన్‌లో పీజీ కోర్సు ఉంది. దానికి ప్రవేశ పరీక్ష గట్టిగా ఉంటుంది.

ప్రైవేటు సంస్థలో చేరేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఇచ్చేది యూనివర్సిటీ డిగ్రీయా, సొంత సర్టిఫికెట్టా? గత మూడేళ్లలో చదివినవారు ఎక్కడ పనిచేస్తున్నారు, వారితో మాట్లాడవచ్చా? మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగి ఇస్తారు? పాఠం చెప్పేవారు నిజంగా ఒక ఆట పూర్తిచేసి విడుదల చేసినవారేనా? మూడవ ప్రశ్నకు సమాధానం కాగితం మీద ఇవ్వని చోట చేరవద్దు.

అప్పు లెక్క కూడా చూద్దాం. ఆరు లక్షల రూపాయలు 10 శాతం వడ్డీకి తీసుకుని ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 9,960 రూపాయలు కట్టాలి. మొత్తం దాదాపు 8,37,000 రూపాయలు. చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. మొదటి ఉద్యోగంలో జీతం ఇరవై వేలయితే సగం అప్పుకే పోతుంది. ఆ ఉద్యోగం ఎక్కడో స్వీడన్‌లోనో, అమెరికాలోనో జరిగే నిర్ణయం మీద ఆధారపడి ఉంటుందని పైన చూశాం. గుర్తింపు పొందిన విద్యాసంస్థలకు బ్యాంకులు నాలుగు లక్షల వరకు సాధారణంగా తాకట్టు అడగవు. జాతీయ ర్యాంకుల్లో ఉన్న సంస్థల్లో సీటు వచ్చినవారికి 2024లో ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం కింద తాకట్టు, హామీదారు లేకుండానే అప్పు దొరుకుతుంది. ఒక కోర్సుకు బ్యాంకు తాకట్టు లేకుండా అప్పు ఇవ్వనంటే, బ్యాంకు మీద కోపం తెచ్చుకునే ముందు ఆ కోర్సు గురించి మరోసారి ఆలోచించండి. ఇంటి స్థలం మాత్రం పెట్టవద్దు.

చివరగా

ఆ అబ్బాయిని, తండ్రిని కమిటీ ముందుకు పిలిచాము. "నీవు ఇంతవరకు ఏమి చేశావు?" అని అడిగాము. అన్న పాత ల్యాప్‌టాప్‌లో తాను తయారుచేసిన చిన్న ఆటను చూపించాడు. మగ్గం మీద తెగిన పోగులను వరుసగా అతికించుకుంటూ పోవాలి, ఆలస్యమైతే బట్ట పాడవుతుంది. అంతే. ఆటలాడే పిల్లవాడికి స్కాలర్‌షిప్పా అన్న పెద్దాయనే కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు ఆడి, రెండుసార్లూ ఓడిపోయారు. తండ్రి మాత్రం తెర వైపు చూస్తూ "ఆ పోగు అలా అతకదు రా, ఎడమ చేతి నుంచి రావాలి" అన్నాడు.

అతను ఇప్పుడు ప్రభుత్వ కళాశాలలో కంప్యూటరు సైన్సు చదువుతున్నాడు. ట్రస్టు ఫీజుకు, పుస్తకాలకు సాయం చేస్తున్నది. సాయంత్రాలు గోడో, బ్లెండర్ నేర్చుకుంటున్నాడు. ఏడాదికొక చిన్న ఆట పూర్తిచేసి కమిటీకి చూపించాలన్నది మా షరతు. ఇంటి స్థలం పత్రాలు ఇంట్లోనే ఉన్నాయి. మూడేళ్ల తరువాత అతను పెద్ద కంపెనీలో కూలి నేతకు చేరవచ్చు, లేక నలుగురు స్నేహితులతో సొంత మగ్గం పెట్టవచ్చు. ఏది చేసినా అప్పు భయంతో కాక తన ఇష్టంతో చేయగలగాలి.

ఇటువంటి కోర్సుల్లో చేరదలచిన విద్యార్థులు వచ్చే ఏడాది దరఖాస్తుతో పాటు తాము సొంతంగా చేసిన పని ఏదైనా, చిన్నదైనా సరే, జతచేయవలసినదిగా కోరుతున్నాము. మార్కుల జాబితా ఎంత ముఖ్యమో అదీ అంతే ముఖ్యం.